లంబసింగి పొగమంచు నలుపు తెలుపులో: 12 ప్రింట్ల ప్రాజెక్టు డైరీ

లక్ష్యం: అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో చలికాలపు పొద్దుల్ని రంగు లేకుండా 12 ప్రింట్లుగా చేయడం, ఒక్కోటి ఏ3 సైజులో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పట్టింది. విశాఖ నుంచి నాలుగుసార్లు వెళ్లాను. తీసిన ఫ్రేములు 817, ప్రింటు వరకు వచ్చినవి 11. మిగతా 806 ఎందుకు పనికి రాలేదో రాస్తే ఇంకొకరికి ఒకటి రెండు ప్రయాణాలైనా మిగులుతాయి. అందుకే ఇందులో బాగా వచ్చిన ఫోటోల కంటే పోయిన ఫోటోల గురించే ఎక్కువ ఉంటుంది.

వాడినవి: సెకండ్ హ్యాండ్ నికాన్ డి750, 50 ఎంఎం లెన్స్, 70-200 ఎంఎం లెన్స్, ట్రైపాడ్, కేబుల్ రిలీజ్, 30 మీటర్ల టేపు, చిన్న టార్చి, గది ఉష్ణోగ్రత చూసే మామూలు థర్మామీటర్. ఎడిటింగ్ డార్క్‌టేబుల్‌లో చేశాను, అది ఉచితం.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మనకు మంచు అంటే ఆకు మీది బొట్టూ మంచే, పొగమంచూ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. నేను చదివిన సలహాలన్నీ కురిసే మంచుకు రాసినవి. నేల మీద పరుచుకున్న తెల్లటి మంచు వెలుగును తిప్పి కొడుతుంది, ఎండలో నీడలు స్పష్టంగా పడతాయి. పొగమంచులో నీడే ఉండదు, వెలుగు అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తుంది. అక్కడి పద్ధతి ఇక్కడ పెడితే ఏమవుతుందో మొదటి దశలోనే తెలిసింది.

దశ 1: నవంబరు 16, 17. 386 ఫ్రేములు, పనికి వచ్చినవి సున్నా

శని, ఆదివారాలు వెళ్లడం మొదటి తప్పు. లంబసింగిలో వారాంతం తెల్లవారుజామున 5 గంటలకే రోడ్డు పొడవునా కార్లు, చలిమంటలు. హెడ్‌లైట్ పడగానే పొగమంచు ఆ వెలుగునంతా పట్టుకుని మొత్తం ఫ్రేము తెల్లటి ముద్దలా అయిపోతుంది. సుమారు 90 ఫ్రేములు ఈ ఒక్క కారణంతో పోయాయి.

రెండో తప్పు దీనికంటే పెద్దది. కెమెరాను మోనోక్రోమ్‌లో పెట్టి జేపెగ్ మాత్రమే తీశాను. స్క్రీన్ మీద నలుపు తెలుపు కనిపిస్తుంటే చాలనుకున్నాను. ఇంటికొచ్చి హిస్టోగ్రామ్ (ఫోటోలో ఏ వెలుగు ఎంత ఉందో చూపే పటం) చూస్తే చాలా ఫ్రేముల్లో బొమ్మ మొత్తం 84 నుంచి 156 మధ్యనే ఇరుక్కుని ఉంది. జేపెగ్‌లో ఉండేవే 256 మెట్లు. నాకు దక్కినవి అందులో 72. వాటిని లాగి 256 మెట్లకు పరిస్తే ఒక్కో మెట్టుకీ మధ్య మూడున్నర మెట్ల ఖాళీ వచ్చింది. మృదువుగా కరిగిపోవాల్సిన పొగమంచు మీద మ్యాపులో గీతల్లాగా చారలు కనిపించాయి. అదే ఫ్రేము 14 బిట్ రా ఫైల్‌గా, అంటే సెన్సర్ చూసిందాన్ని కుదించకుండా దాచే ఫైల్‌గా ఉంటే ఆ 256 చోట 16,384 మెట్లు ఉండేవి. పొగమంచుకు రా ఫైల్ తప్పనిసరి అని నేను అంటున్నది ఈ లెక్క చూసే.

మూడోది ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి ఎంత వెలుగు తీసుకోవాలన్నది. కెమెరా మీటరు దేన్ని చూసినా మధ్యస్థ బూడిద రంగుకు తీసుకొస్తుంది, అది దాని పని. ఫ్రేము నిండా పొగమంచే ఉంటే దాన్నీ బూడిదకే దించింది. తెల్లారని ఆకాశంలా మురికిగా వచ్చింది. దాంతో 17వ తేదీన కురిసే మంచుకు చెప్పిన సలహా పాటించి +2 స్టాప్‌లు పెంచాను (ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపు). ఈసారి సూర్యుడు ఉన్న వైపు మొత్తం తెల్లగా కాలిపోయింది.

ఎఫ్/16 దగ్గర, అంటే లెన్స్ రంధ్రం (ఎపర్చర్) బాగా చిన్నది చేసి తీయడం నాలుగోది. దగ్గరిదీ దూరపుదీ రెండూ తేటగా ఉంటే మంచిదనుకున్నాను. సెన్సర్ మీద ఉన్న దుమ్మంతా బయటపడింది, ఒక ఫ్రేములో లెక్కపెడితే 23 మచ్చలు. కొండలు, ఆకులు ఉన్న ఫోటోలో ఇవి కనపడవు. పొగమంచులో దాక్కోవడానికి చోటు లేదు కాబట్టి ప్రతిదీ కనిపిస్తుంది. ఒక్క ఫ్రేము శుభ్రం చేయడానికి 40 నిమిషాలు పట్టింది.

మార్చినవి:

1. రా ఫైల్ తప్పనిసరి, పక్కన మోనోక్రోమ్ జేపెగ్. స్క్రీన్ మీద నలుపు తెలుపు కనిపిస్తుంది, రంగు సమాచారం రా ఫైల్‌లో భద్రంగా ఉంటుంది.
2. ఎక్స్‌పోజర్ +1 నుంచి +1.3. హిస్టోగ్రామ్‌లో గుట్ట కుడివైపు మూడొంతుల దగ్గర ఉండాలి, గోడకు తగలకూడదు.
3. ఎపర్చర్ ఎఫ్/8. బయలుదేరే ముందు రోజు బ్లోయర్‌తో సెన్సర్ దుమ్ము ఊది, ఎఫ్/16లో ఖాళీ ఆకాశం ఒకటి తీసి మచ్చలు చూసుకోవడం.
4. వారాంతం వద్దు. మంగళ, బుధ వారాలు.

మొత్తం ఇప్పటికి: 2 రోజులు, 386 ఫ్రేములు, ఎంపిక 0, ఖర్చు రూ. 5,200.

దశ 2: డిసెంబరు 3. ఎర్ర ఫిల్టర్ పరీక్ష

నలుపు తెలుపు లాండ్‌స్కేప్ అనగానే అందరూ చెప్పే మాట ఎర్ర ఫిల్టర్. దూరపు కొండల మీది మసకను చీల్చి చూపిస్తుందని. రూ. 1,850 పెట్టి కొన్నాను. ముదురు ఎరుపు రంగుది, మూడు స్టాప్‌ల వెలుగు తినేస్తుంది.

పాడేరు దాటాక రోడ్డు పక్కన పొగమంచులో ఒకే ఫ్రేమును ఫిల్టర్‌తో, ఫిల్టర్ లేకుండా 12 జతలు తీశాను. దూరపు చెట్టుకీ దాని వెనక పొగమంచుకీ మధ్య వెలుగు తేడా కొలిస్తే రెండింటిలోనూ ఒకటే. పన్నెండు జతల్లో ఒక్కదాంట్లో కూడా ఫిల్టర్ వల్ల ఏమీ కలిసి రాలేదు.

కారణం చదివాక అర్థమైంది. ఎండాకాలం కొండల మీద కనిపించే నీలి మసక చాలా సన్నటి రేణువుల వల్ల వస్తుంది. అవి నీలి వెలుగును ఎక్కువ చెదరగొడతాయి, ఎరుపును తక్కువ. కాబట్టి ఎరుపులో చూస్తే కొండ తేటగా కనిపిస్తుంది. పొగమంచులోవి నీటి బొట్లు. వెలుగు తరంగంతో పోలిస్తే చాలా పెద్దవి, అన్ని రంగుల్నీ సమానంగా చెదరగొడతాయి. అందుకే పొగమంచు తెల్లగా ఉంటుంది, అందుకే ఏ రంగు ఫిల్టరూ దాన్ని చీల్చలేదు.

ఇంకో నష్టం కూడా ఉంది. డిజిటల్ సెన్సర్‌లో ఎరుపును చూసే పిక్సెళ్లు నాలుగింట ఒక వంతే. ముదురు ఎర్ర ఫిల్టర్ పెడితే 24 మెగాపిక్సెళ్ల కెమెరా దాదాపు 6 మెగాపిక్సెళ్లతో పనిచేసినట్టే. నీడల్లో నాయిస్ (గరుకు చుక్కలు) బాగా పెరిగింది.

అయితే అదే రోజు ఫిల్టర్ ఒకచోట పనిచేసింది, అదీ రాయాలి. అరకు వైపు వెళ్లే దారిలో వలిసె పూల మడులు ఇంకా పూతలోనే ఉన్నాయి. పసుపు పువ్వు ఎర్ర వెలుగును బాగా తిప్పి కొడుతుంది, పచ్చటి ఆకు అంతగా కొట్టదు. ఫిల్టర్‌తో తీసిన ఫ్రేములో మడి మొత్తం తెల్లగా, గట్లు ముదురుగా వచ్చాయి. మామూలుగా నలుపు తెలుపులోకి మారిస్తే పువ్వుకీ ఆకుకీ మధ్య అంత తేడా రాలేదు. ఇంటికొచ్చాక ఫిల్టర్ లేని రా ఫైల్‌లో పసుపు స్లైడర్ పైకి, పచ్చ స్లైడర్ కిందికి లాగితే అదే ఫలితం వచ్చింది, పైగా నాయిస్ లేకుండా. ఎంపికైన మొదటి ఫోటో ఇదే, ఫిల్టర్ లేనిది. ఫిల్టర్ మళ్లీ సంచిలో పెట్టుకోలేదు.

మొత్తం ఇప్పటికి: 3 రోజులు, 528 ఫ్రేములు, ఎంపిక 1, ఖర్చు రూ. 10,950.

దశ 3: డిసెంబరు 16, 17, 18. టేపుతో కొలత, లెన్స్ మీద మంచు

ప్రాజెక్టు మలుపు తిరిగింది ఈ మూడు రోజుల్లోనే. ఇది కాస్త వివరంగా రాస్తాను.

16 సాయంత్రం చింతపల్లి రోడ్డులో టీ తాగుతూ రేపు మంచు ఉంటుందా పెద్దమ్మా అని అడిగాను. కొట్టు నడిపే ఆవిడ ఫోన్‌లో వాతావరణం చూడమనలేదు. "రాత్రి సుక్కలు సూడండి బాబూ. ఆకాశం తేటగుంటే తెల్లారికి మంచు దిగుతాది. మబ్బేసిందంటే దిగదు" అంది. నేల పగలు దాచుకున్న వేడి తేటగా ఉన్న రాత్రి ఆకాశంలోకి పోతుంది, నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలిలో తేమ బొట్టు కడుతుంది. మబ్బు ఉంటే దుప్పటి కప్పినట్టు ఆ వేడిని ఆపుతుంది. ఈ ప్రయాణంలో, తర్వాతి ప్రయాణంలో కలిపి నాలుగు రాత్రులు 10 గంటలకు బయటికొచ్చి చూసి రాసుకున్నాను. చుక్కలు తేటగా ఉన్న మూడు రాత్రుల తర్వాత మంచు దిగింది. మబ్బు పట్టిన ఒక్క రాత్రి తర్వాత దిగలేదు.

17 ఉదయం 5:30కి థర్మామీటర్ 7.5 డిగ్రీలు చూపించింది. లంబసింగికి కొర్రబయలు అనే పేరు ఉంది కదా. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రులా, అంటే కట్టెలా బిగుసుకుపోతారని అక్కడివాళ్లు దానికి అర్థం చెబుతారు. చేతి తొడుగులు లేకుండా ట్రైపాడ్ కాళ్లు ముట్టుకుంటే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

*కొలత*

కాఫీ తోటకు నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ వరుస ఒకటి ఎంచుకున్నాను. మానులు నిటారుగా, దాదాపు ఒకే ముదురులో ఉంటాయి, కాబట్టి కొలతకు బాగా పనికొస్తాయి. టేపు పట్టి ఒక్కో చెట్టు ఎంత దూరంలో ఉందో రాసుకుని, రా ఫైల్‌లో మాను వెలుగునూ వెనక పొగమంచు వెలుగునూ కొలిచాను. పొగమంచును 100 అనుకుంటే మాను ఇలా వచ్చింది:

10 మీటర్లు: 36
20 మీటర్లు: 55
40 మీటర్లు: 78
60 మీటర్లు: 89
80 మీటర్లు: 94

తేడాలు చూడండి. 20 మీటర్ల దగ్గర 45, 40 దగ్గర 22, 60 దగ్గర 11. ఆ పొద్దు ప్రతి 20 మీటర్లకూ మాను నలుపు సగానికి సగం కరుగుతోంది. 110 మీటర్లు దాటితే కంటికి ఏమీ ఆనలేదు. నలుపు సగానికి కరిగే ఆ 20 మీటర్ల లెక్కను నేను 'సగం దూరం' అని రాసుకుంటున్నాను. తర్వాత ప్రతి ఉదయం ముందు దీన్ని తేల్చుకున్నాకే ఫ్రేము పెట్టాను.

దీని వల్ల రెండు విషయాలు తేలాయి. ఒకటి, బొమ్మలో లోతు ఎడిటింగ్‌లో పుట్టదు, చెట్లు నాకు ఎంతెంత దూరంలో ఉన్నాయన్నదాన్ని బట్టి పుడుతుంది. 10, 20, 40 మీటర్ల దగ్గర మూడు చెట్లు ఉంటే మూడు వేర్వేరు బూడిద రంగులు వస్తాయి. 60, 70, 80 దగ్గర మూడు ఉంటే మూడూ ఒకటే మరక. నాలుగడుగులు ముందుకో వెనక్కో జరిగితే బొమ్మ మారిపోయేది ఇందుకే.

రెండోది, నేను మొదటి నుంచీ తప్పు లెన్స్ వాడుతున్నాను. 70-200తో దూరపు చెట్టును దగ్గరికి లాగితే చెట్టు పెద్దదవుతుంది గానీ మధ్యలో ఉన్న 80 మీటర్ల పొగమంచు ఎక్కడికీ పోదు. మొదటి ప్రయాణంలో సగానికి పైగా ఫ్రేములు ఇలాగే పేలవంగా వచ్చాయి. 50 ఎంఎం పెట్టి నడిచి దగ్గరికి వెళ్లాలి. పొగమంచులో జూమ్ చేయాల్సింది కాళ్లే.

*64 ఫ్రేములు పోయిన సంగతి*

కొలత అయ్యాక అదే తోట అంచున గట్టు మీద మూడు సిల్వర్ ఓక్ మానులు దొరికాయి. టేపు పెడితే 11, 22, 41 మీటర్లు. ఆ రోజు సగం దూరానికి ఇంతకంటే మంచి వరుస దొరకదు. మొదటి మాను చుట్టూ మిరియాల తీగ అల్లుకుని ఉంది, అది ముదురు నలుపు. మూడోది ఊపిరిలా ఉంది. 6:50 దాకా అక్కడే ఉండి 64 ఫ్రేములు తీశాను. వెలుగు పెరిగేకొద్దీ బొమ్మ ఇంకా మెత్తబడుతోంది, మంచు చిక్కబడుతోందని సంతోషపడ్డాను.

6:50కి లెన్స్ ముందు భాగం తుడిస్తే బట్ట తడిసింది. చిక్కబడింది బయటి మంచు కాదు, అద్దం మీది మంచు. ఆకు మీద బొట్టు ఎలా కడుతుందో లెన్స్ మీదా అలాగే కట్టింది. ఆరుబయట గంటసేపు నిలబెట్టిన అద్దం చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. తుడిచాక చూస్తే అసలు పొగమంచు అప్పటికే పలచబడి, మూడో మాను వెనక కరెంటు స్తంభం కనిపిస్తోంది. 64 ఫ్రేముల్లో ఒక్కటి కూడా ఏ3కి నిలబడలేదు. మాను అంచులు అన్నిట్లోనూ కరిగిపోయి ఉన్నాయి.

ఆ రోజు మధ్యాహ్నం నర్సీపట్నం దిగి చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లు కొన్నాను, కవరు చింపి గాలి తగలనిస్తే వేడెక్కే రకం. రూ. 480. 18 నుంచి ఈ పద్ధతి, మళ్లీ ఒక్క ఫ్రేము కూడా అద్దం మీది తేమతో పోలేదు:

1. పాత సాక్స్ వేళ్ల భాగం కత్తిరించి గొట్టంలా చేసి లెన్స్‌కు తొడగాలి.
2. తీయడానికి 20 నిమిషాల ముందు ప్యాకెట్ చింపి, అద్దానికి దగ్గరగా సాక్స్ లోపల పెట్టి రెండు రబ్బరు బ్యాండ్లు వేయాలి. ఫోకస్ రింగ్ మీద పడకూడదు.
3. ప్రతి 10 నిమిషాలకు టార్చిని పక్క నుంచి అద్దం మీదికి ఏటవాలుగా కొట్టి చూడాలి. ఎదురుగా కొడితే తేమ కనపడదు.
4. పని అయ్యాక కెమెరాను బయటే జిప్ కవర్లో పెట్టి మూసి, ఆ తర్వాతే గదిలోకో కారులోకో తీసుకెళ్లాలి. వెచ్చబడేదాకా తెరవకూడదు. విశాఖ చేరాక అక్కడి తేమకు ఇది మరీ ముఖ్యం.

ఫోకస్ సంగతి కూడా ఇక్కడే తేలింది. పొగమంచులో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది, పట్టుకోవడానికి దానికి అంచు దొరకదు. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక స్క్రీన్ మీద, దగ్గరి మాను బెరడును పెద్దది చేసి, చేత్తో ఫోకస్ చేసి, రింగ్ మీద చిన్న టేపు ముక్క అంటించాను.

18 ఉదయం మంచు పలచన, సగం దూరం 45 మీటర్లు. గట్టు మీది మూడు మానుల మధ్య తేడా బాగా తగ్గిపోయింది కాబట్టి ఆ ఫ్రేము వదిలేసి, 15, 45, 90 మీటర్ల దగ్గర చెట్లున్న చోట్లు వెతికాను. ఆరు దొరికాయి.

మొత్తం ఇప్పటికి: 6 రోజులు, 699 ఫ్రేములు, ఎంపిక 7, ఖర్చు రూ. 17,730.

దశ 4: జనవరి 7, 8, 9. తాజంగి, చెరువులవేనం

7 రాత్రి మబ్బు పట్టింది. 8 ఉదయం మంచు లేదు, పెద్దమ్మ మాట నిజమైంది. తాజంగి రిజర్వాయర్ దగ్గరికి వెళ్లాను. పొగమంచు లేకపోయినా నీటి మీద పలచటి ఆవిరి లేచింది. నీళ్లూ ఆకాశమూ ఒకే బూడిద రంగు, మధ్యలో కొండ గీత ఒక్కటే. రెండు ఎంపికయ్యాయి, రెండూ 8 సెకన్ల ఎక్స్‌పోజర్, అలలు చదునైపోవడానికి.

9 తెల్లవారుజామున చెరువులవేనం. ఇక్కడ సమస్య వేరు. కొండ మీద నుంచి చూస్తే పొగమంచు కాళ్ల కింద సముద్రంలా ఉంటుంది. సూర్యోదయం 6:33 ప్రాంతం. ఆ ముందు 25 నిమిషాలే నాకు పనికొచ్చాయి. ఎండ తగలగానే ఫోటోలో మంచు పైభాగం తెల్లగా కాలిపోతుంది, లోయ వైపు నల్లబడుతుంది. ఎండ వచ్చాక తీసిన 31 ఫ్రేములూ తీసేశాను. చాలామంది వచ్చేది ఆ ఎండ కోసమే, రంగులో అది బాగానే ఉంటుంది. రంగు లేని బొమ్మకు మాత్రం ఎండకు ముందటి సమానమైన వెలుగు కావాలి. ఆ 25 నిమిషాల్లో +1 దగ్గర తీసినవి మూడు నిలిచాయి. కిందికి దిగుతుంటే 8 గంటలప్పుడు కాఫీ మొక్కల మధ్య మంచు ఇంకా ఆగి ఉంది, అక్కడ రెండు.

ఈ ప్రయాణంలో రోజుకు 40 ఫ్రేములు కూడా దాటలేదు. సగం దూరం తెలిశాక, బొమ్మ రాదని తెలిసిన చోట షట్టర్ నొక్కడం ఆగిపోయింది.

మొత్తం ఇప్పటికి: 9 రోజులు, 817 ఫ్రేములు, ఎంపిక 14, ఖర్చు రూ. 24,180.

దశ 5: నలుపు తెలుపులోకి మార్చడం

మొదటి వారం పని మొత్తం పారేశాను. ఒక్కో ఫోటోను విడిగా తెరిచి, ఆటో లెవెల్స్ కొట్టి, కాంట్రాస్ట్ పెంచుతూ పోయాను. విడిగా చూస్తే ప్రతిదీ బాగుంది. 14 పక్కపక్కన పెడితే ఒకదాంట్లో పొగమంచు సున్నంలా, ఇంకోదాంట్లో సిమెంటులా ఉంది. ఒకే కొండ, ఒకే చలికాలం అనిపించలేదు. మసక తొలగించే డీహేజ్ స్లైడర్ ఇంకా అన్యాయం చేసింది. పొగమంచు తీయడానికి అంత దూరం వెళ్లి, దాన్ని తీసేసే బటన్ నొక్కడం ఏమిటి? మాను చుట్టూ తెల్లటి అంచు కూడా వచ్చింది.

రెండోసారి చేసిన వరుస:

1. డిసెంబరు 18 ఫ్రేము ఒకటి ప్రమాణంగా పెట్టుకుని స్క్రీన్ మీద పక్కనే ఉంచాను.
2. ప్రతి ఫ్రేములోనూ పొగమంచు గుట్ట 255కి గాను 185, 205 మధ్య ఉండేలా ఎక్స్‌పోజర్ సరిచేశాను.
3. నిజమైన నలుపు ఒక్కచోటే, అన్నిటికంటే దగ్గరి మాను లేదా రాయి దగ్గర. బొమ్మలో వందకు రెండు వంతులు మించకుండా. మిగతాదంతా బూడిద మెట్లే.
4. రంగు స్లైడర్లు పొగమంచు ఫ్రేముల్లో దాదాపు పనిచేయవు, రంగే లేదు కాబట్టి. వలిసె మడిలో పసుపును ముందు +80 పెడితే కొండ అంచున తెల్లగీత వచ్చింది, +45కి దించాను.
5. చివర్లో సన్నటి గ్రెయిన్, అంటే ఇసుక లాంటి చుక్కలు. ఇది అందానికి కాదు. మెల్లగా మారే బూడిద రంగులో చారలు కనపడకుండా ఆపుతుంది.
6. ప్రింటుకు 16 బిట్ టిఫ్ ఫైల్, జేపెగ్‌లా 256 మెట్లకు కుదించనిది.

మూడో అంకె మీదే నాకు గట్టి నమ్మకం. పొగమంచు ఫోటో పాడయ్యేది ఎక్కువగా నలుపు ఎక్కువై. దూరపు చెట్టునూ నల్లగా లాగితే అది దగ్గరికొచ్చేస్తుంది, టేపు పట్టి సంపాదించిన దూరమంతా పోతుంది.

దశ 6: ప్రింట్లు

మొదటి ల్యాబ్‌లో నాలుగు ప్రింట్లు వేయించాను, నిగనిగలాడే కాగితం మీద, ఒక్కోటి రూ. 350. నాలుగూ వృథా. ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చ ఛాయ, కిటికీ దగ్గరికి తీసుకెళ్తే గులాబీ ఛాయ. అక్కడి మెషీను రంగు సిరాలు కలిపి బూడిదను తయారు చేస్తుంది, అందువల్ల వెలుగు మారితే ఛాయ మారుతుంది. పైగా ప్రింట్లు స్క్రీన్ మీద కంటే బాగా ముదురుగా వచ్చాయి.

రెండో చోట నలుపు, రెండు రకాల బూడిద సిరాలు విడిగా ఉన్న పిగ్మెంట్ ప్రింటర్ ఉంది. కాగితం మ్యాట్, దూదితో చేసింది. ఏ3 ప్రింటు రూ. 1,100. ఫైల్ చూసి ఆయన మొదట అడిగిన ప్రశ్న: "సార్, ఇంట్లో స్క్రీన్ వెలుతురు ఎంతలో పెట్టుకున్నారు?" ఫుల్‌లో ఉందండీ అన్నాను. "అందుకే మీకు ప్రింటు నల్లగా అనిపిస్తోంది. తెల్ల కాగితం స్క్రీన్ పక్కన పట్టుకుని, రెండు తెలుపులూ ఒకేలా అయ్యేదాకా తగ్గించండి. ఆ తర్వాత ఫైల్ పంపండి" అన్నారు. 100 నుంచి 35కి దించాల్సి వచ్చింది. ఆ వెలుతురులో చూస్తే 14లో తొమ్మిదింటికి మళ్లీ ఎక్స్‌పోజర్ సవరించాల్సి వచ్చింది.

పరీక్ష ప్రింటు ఇలా వేయించాను. ఒకే ఏ3 మీద నలుపు నుంచి తెలుపు దాకా 5 శాతం చొప్పున 21 గడులు. ఎండాక చూస్తే:

- 0, 5, 10 శాతం గడులు మూడూ ఒకటే నలుపు. మ్యాట్ కాగితం మీద అంతకంటే లోతు రాదు.
- 95 శాతం గడికీ ఖాళీ కాగితానికీ తేడా కష్టం మీద కనిపించింది.

కాబట్టి వివరం కనిపించాల్సిన చోట 255కి గాను 25 కంటే కిందికి పోనివ్వలేదు. పొగమంచులో అన్నిటికంటే తెల్లటి చోటును 240 దగ్గర ఆపాను. పొగమంచు ఖాళీ కాగితం రంగుకు వచ్చేస్తే అది మంచులా కనపడదు, బొమ్మకు చిల్లు పడినట్టు ఉంటుంది. రెండో పరీక్ష షీటు మీద ఈ హద్దులతో నాలుగు ఫోటోల ముక్కలు వేయించి చూసుకున్నాకే అసలు ప్రింట్లు.

మ్యాట్ కాగితం నలుపు తక్కువ ఇస్తుందని దిగులుపడ్డాను గానీ పొగమంచుకు అదే సరిపోయింది. నిగనిగ లేకపోవడంతో దూరపు మెట్లు మెరుపులో కొట్టుకుపోలేదు. డి750 ఫైల్ 6016 x 4016, అంగుళానికి 300 చుక్కల చొప్పున 20 x 13.4 అంగుళాలు వస్తుంది, ఏ3కి సాగదీయాల్సిన పని లేదు.

ఈ దశలో 14లో మూడు తీసేశాను. రెండింటిలో దగ్గరి మాను బెరడు కాగితం మీద నల్లముద్ద అయింది. చెరువులవేనం ఫ్రేము ఒకదాంట్లో కొండ అంచున తెల్లగీత పోలేదు. మిగిలిన 11 ఫిబ్రవరి రెండో వారంలో ప్రింటయ్యాయి. ఒక రోజంతా గాలికి ఆరనిచ్చాకే ఫ్రేములకిచ్చాను.

ప్రింట్ల ఖర్చు: వృథా అయినవి రూ. 1,400, పరీక్ష షీట్లు రెండు రూ. 2,200, అసలు ప్రింట్లు 11 రూ. 12,100.

మొత్తం: 9 రోజులు, 817 ఫ్రేములు, ప్రింట్లు 11, ఖర్చు రూ. 39,880. ఫ్రేములు కట్టించిన డబ్బు ఇందులో లేదు.

మిగిలింది

పన్నెండో చోటు ఖాళీగానే ఉంచాను. అది గట్టు మీది మూడు సిల్వర్ ఓక్ మానులది. ఎంపికలో పక్కన పెట్టిన ఫోటో ఒకటి అక్కడ పెట్టి లెక్క సరిచేయొచ్చు, కానీ ఆ పొద్దు కంటితో చూసింది ఇంకా కాగితం మీదికి రాలేదు. నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నది ఇది: 50 ఎంఎం, నిలువు ఫ్రేము, ఎఫ్/8, ఐఎస్ఓ 100, +1. ట్రైపాడ్ నుంచి మానులకు 11, 22, 41 మీటర్లు. సగం దూరం 20కి అటూ ఇటూ ఉంటేనే తీయాలి, 30 దాటితే వెనక స్తంభం కనిపిస్తుంది. ట్రైపాడ్ పెట్టిన చోట గట్టు పక్కన మూడు రాళ్లు పేర్చి వచ్చాను. నవంబరు నెలాఖరున చుక్కలు తేటగా ఉన్న రాత్రి చూసుకుని, తెల్లారి 5:15 కల్లా లెన్స్‌కు సాక్స్ తొడిగి అక్కడ ఉండాలి.